బ్రేకు మేడం ఇంట్లో కాకిపిల్ల

ఆవిడకి పేరు లేక కాదు. కానీ ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇంట్లో ఒక్కరే, బయట ఎవరూ లేరు. మొగుడితో సహా మిగతా ఊరంతటికీ ఆవిడ బ్రేకు మేడం. ఇరవై రెండేళ్ళుగా కారు నడపడం నేర్పుతోంది. నేర్పే కారులో, నేర్చుకునేవాళ్ళ కాళ్ళ దగ్గర ఎలాగూ ఒక బ్రేకు ఉంటుంది. పక్క సీట్లో కూర్చునే మేడం కాళ్ళ దగ్గర ఇంకోటి ఉంటుంది. ఆ రెండో బ్రేకు మీదే ఆవిడ బతుకంతా నడిచింది. ఎదురుగా కుక్క వస్తే తొక్కుతుంది. కుక్క వచ్చేలా ఉంటే తొక్కుతుంది. ఏ సందులోనో ఒక కుక్క ఉండి ఉండొచ్చని అనిపించినా తొక్కుతుంది.

పోనీ కారు దిగాక ఊరుకుంటుందా అంటే అదీ లేదు. బస్సులో కూర్చుని తొక్కుతుంది, మొగుడి స్కూటరు వెనక కూర్చుని తొక్కుతుంది, సోఫాలో టీవీ చూస్తూ తెర మీద కారుకి కూడా తొక్కుతుంది. కుడికాలి చెప్పు ఎప్పుడూ ఎడమదానికంటే మూడు నెలలు ముందే అరిగిపోతుంది. చెప్పులు కుట్టే ఆయన "ఒంటి చెప్పు అమ్మే కొట్టు ఎక్కడైనా ఉంటే మీకు కలిసొచ్చేది మేడం" అని ప్రతిసారీ అంటాడు, ప్రతిసారీ తనే నవ్వుకుంటాడు. నవ్వనివ్వండి. ఇరవై రెండేళ్ళలో ఆవిడ కారు కింద ఒక్క ప్రాణం పోలేదు. లోకులు కాకులు అని ఊరికే అన్నారా. ఈ కథలో అసలు కాకులు వేరే ఉన్నాయి.

ఆ రోజు పొద్దున్న పళ్ళ డాక్టరమ్మకి రివర్సు పాఠం. ఈ డాక్టరమ్మ ఎలాంటిదంటే, ఎంత గట్టి దవడపన్నునైనా కబుర్లు చెబుతూ చెబుతూ పీకేస్తుంది గానీ, స్టీరింగు పట్టుకుంటే మాత్రం చేతులు చల్లబడిపోతాయి. మేడం ఇంటి వెనక వీధికి అవతల ఒక పాత గోడౌను ఉంది. దాని పక్క ఖాళీ స్థలంలో సున్నంతో గీతలు గీసి అక్కడే నేర్పుతారు. డాక్టరమ్మ మెడ వెనక్కి తిప్పి, ఊపిరి బిగబట్టి, గీతల మధ్యకి కారుని నత్తలా తెస్తోంది. మేడం టక్కున బ్రేకు తొక్కింది.

"ఇప్పుడు నేనేం చేశాను మేడం?" అంది డాక్టరమ్మ ఏడుపుగొంతుతో.

"మీరేం చెయ్యలేదు. గీత మీద ఏదో నల్లగా కదిలింది."

దిగి చూస్తే కాకిపిల్ల. ఈకలన్నీ వచ్చాయి గానీ తోక ఇంకా పొట్టిగానే ఉంది. కళ్ళలో పెద్దకాకి నలుపు రాలేదు, బూడిద కలిసిన నీలం. సంచులు కుట్టే ప్లాస్టిక్ దారం ఒకటి ఎడమ కాలికీ రెక్కకీ కలిపి చుట్టుకుపోయింది. గూట్లో పరుచుకున్న దారమే అయి ఉండాలి. పిల్ల నోరు తెరిచింది. లోపలంతా ఎర్రగా ఉంది. ఆ అరుపుకి గోడౌను పక్క చెట్టు మీదనుంచి రెండు పెద్దకాకులు రయ్యిన దిగి మేడం నెత్తి మీద చెరో దెబ్బ వేశాయి.

మేడం చున్నీతో పిల్లని చుట్టి కార్లో కూర్చుంది. "పోనివ్వండి మీ క్లినిక్కి" అంది.

"నేనా? రోడ్డు మీదా?"

"నా చేతులు ఖాళీ లేవు కదమ్మా. కాలు ఖాళీయే. నేను చూసుకుంటాను."

డాక్టరమ్మ మొదటిసారి రోడ్డు మీద కారు నడిపింది ఆ రోజే. దారి పొడుగునా మేడం ఎన్నిసార్లు బ్రేకు తొక్కిందో లెక్కలేదు, కానీ చేరారు. పళ్ళ కుర్చీ మీద, పళ్ళ దీపం కింద, సన్నకత్తెరతో డాక్టరమ్మ ఆ దారాన్ని పోగు పోగు కత్తిరించింది. స్టీరింగు మీద వణికిన చెయ్యి అక్కడ ఒక్క వెంట్రుకంత కూడా కదల్లేదు. తర్వాత వాళ్ళన్నయ్యకి ఫోను చేసి స్పీకరు పెట్టింది. ఆయన పశువుల డాక్టరు.

"ఎముక విరగలేదు కదా, అయితే వారం పదిరోజుల్లో రెక్క సర్దుకుంటుంది" అన్నాడాయన. "పాలు పొయ్యకండి. గొంతులో నీళ్ళు పొయ్యకండి. ఉడికించిన గుడ్డు, కొట్లో దొరికే పిల్లిమేత నానబెట్టి పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, తల్లీ తండ్రీ దాన్ని రోజూ చూసేలా ఉంచండి. అవి రావడం మానేసేలోపు ఇది ఎగిరి వాటి దగ్గరికి చేరాలి. ఏది తినాలో, దేనికి భయపడాలో అవే నేర్పాలి. మీరెంత ప్రేమగా పెంచినా పిల్లికి భయపడ్డం నేర్పలేరు కదా."

ఆ మాట మేడం మనసులో ముల్లులా దిగింది. అవి రావడం మానేసేలోపు. తల్లి చెట్టు మీద బతికుండగా పిల్ల పరాయి ఇంట్లో ఉండిపోవడం ఆవిడకి ససేమిరా గిట్టదు. ఎందుకు గిట్టదో తెలియాలంటే వాళ్ళింటి ముందుగదిలో కూర్చున్న మనిషి సంగతి చెప్పాలి.

ఆ మనిషి మేడం పెద్దమ్మ. మేడంకి ఆరేళ్ళప్పుడు వాళ్ళమ్మకి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. వేరే ఊరి ఆసుపత్రిలో ఏడాదిన్నర ఉండాల్సి వచ్చింది. ఆ ఏడాదిన్నరా పిల్లని పెద్దమ్మే పెంచింది. పెద్దమ్మకి పిల్లల్లేరు. చొక్కాలకి కాజాలు కుట్టేది, రోజుకి నలభై యాభై కాజాలు, కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని. పిల్లకి తల దువ్వింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, అక్షరాలు దిద్దించింది. అన్నీ చేసింది గానీ ఒక్క చాదస్తం ఉండేది. రోజూ రాత్రి కంచం ముందు పెట్టి, వాళ్ళమ్మ ఫొటో చూపించి "ఎవరిది?" అనేది. "అమ్మ" అనేదాకా ముద్ద నోటికి అందేది కాదు. పసిదానికి అది శిక్షలా ఉండేది.

తర్వాత అమ్మ కోలుకుంది, వచ్చి తీసుకెళ్ళింది. నలభై ఏళ్ళు గడిచాయి. పెదనాన్న పోయాక, మోకాళ్ళు పట్టేసి పెద్దమ్మ ఒంటరిగా ఉండలేని పరిస్థితి వచ్చేసరికి మేడం మాటైనా అడక్కుండా వెళ్ళి తీసుకొచ్చి ముందుగదిలో మంచం వేయించింది. మూడేళ్ళయింది. వేళకి తిండి, వేళకి మందులు, దేనికీ లోటు లేదు. రుణం ఉంది, గౌరవం ఉంది. చనువు మాత్రం లేదు. అది ఎందుకు లేదో మేడంకి తెలుసు, పైకి ఎప్పుడూ అనలేదు.

కాకిపిల్ల ఇంటికొచ్చిందని విని మేడం మొగుడు తల పట్టుకున్నాడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో సగం మందిని పైకీ కిందకీ ఆడించే మనిషి, తన ఇంట్లో మాత్రం పదిహేడు మెట్లూ కాళ్ళతోనే ఎక్కుతాడు.

"చిలకని తెచ్చారంటే అర్థం ఉంది, పావురమంటే అర్థం ఉంది. కాకిని పెంచుకునేవాళ్ళు ఎక్కడైనా ఉన్నారా మేడంగారూ?"

"పెంచుకోవడానికి కాదండీ, తిరిగి ఇచ్చెయ్యడానికి. పది రోజులు ఓర్చుకోండి."

"కాకిపిల్ల కాకికి ముద్దన్నారు గానీ నాకు ముద్దని ఎవరూ అనలేదు" అని గొణిగాడు. గొణుగుతూనే వెళ్ళి పిల్లిమేత తెచ్చాడు. అలాంటి మనిషి.

డాబా మీద నీళ్ళ ట్యాంకు నీడలో బట్టల బుట్ట బోర్లించి, దాని కింద పిల్లని పెట్టారు. అక్కడినుంచి గోడౌను పక్క చెట్టు కనిపిస్తుంది. గంట తిరక్కుండా పెద్దకాకులు రెండూ పిట్టగోడ మీదకొచ్చి వాలాయి. బుట్ట సందుల్లోంచి నోటికి అందిస్తూ, మధ్యలో ఈ ఇంటివాళ్ళని తిడుతూ కూర్చున్నాయి. ఆ రోజునుంచి డాబా మీద రాజ్యం వాటిదే. బట్టలు ఆరెయ్యాలంటే మేడం మొగుడు హెల్మెట్ పెట్టుకుని వెళ్ళేవాడు. హెల్మెట్ మీద టకటకమని ముక్కులు పొడుస్తుంటే, "వస్తున్నా, వస్తున్నా, తలుపు తియ్యనివ్వండి" అంటూ లుంగీలు ఆరేసేవాడు. పక్కింటివాళ్ళు చూడ్డానికి పనులు మానుకుని వచ్చేవాళ్ళు.

మేడం పాఠాల మధ్య పరుగెత్తుకొచ్చి గుడ్డు నలిపి పెట్టేది. ఎర్రనోరు తెరుచుకుని పిల్ల మొత్తం ఒళ్ళంతా ఊగిపోతూ అరిచేది. మింగాక ఒక్క క్షణం కళ్ళు మూసుకునేది. ఆ కళ్ళు మూసుకోవడం చూడ్డానికి ఆవిడ ఇంకో ముద్ద పెట్టేది. ముందుగదిలోంచి పెద్దమ్మ రోజూ అదే అడిగేది. "వాళ్ళమ్మ వచ్చిందా ఇవాళ?"

"వచ్చింది పెద్దమ్మా."

"ఎన్నిసార్లు?"

"పదిసార్లు పైనే."

"అయితే సరే" అని పడుకునేది.

ఎనిమిదో రోజుకి రెక్క సరిగ్గా ముడుచుకుంది. ఇక ఎగరడం నేర్పాలి. నేర్పడమంటే మేడంకి కొత్తా? కుర్చీ వీపు మీద కూర్చోబెట్టి రెండడుగుల దూరంలో గుడ్డుముక్క చూపించింది. పిల్ల రెక్కలు విప్పి, తూలి, ముందుకి ఒరిగింది. అంతే. మేడం చెయ్యి దాని కింద ఉంది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ ఒరిగింది, మళ్ళీ చెయ్యి. ఆవిడ కావాలని చేస్తే కదా మానేది. ఇరవై రెండేళ్ళుగా ఎవరు తూలినా ముందే అందుకునే ఒళ్ళది. ఒక చెయ్యి వెనక్కి కట్టుకుంటే రెండోది వెళ్ళేది. రెండూ కట్టుకుంటే మోకాలు పెట్టేది.

కాకి జాతి తెలివితక్కువదా ఏమైనా? పాఠాలు మొదలైన మూడో రోజుకి దానికి అర్థమైపోయింది, ఈవిడ ఉండగా రెక్క ఆడించాల్సిన పని లేదని. కుర్చీ చివరకొచ్చి, రెక్కలు ముడుచుకునే ఉండి, మేడం చెయ్యి వచ్చేదాకా చూసి, దర్జాగా దాని మీదకి దిగేది.

"మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళందరూ ఇంతేగా" అన్నాడు మొగుడు. "మీ కాలు ఉందన్న ధైర్యంతో ఆ డాక్టరమ్మ తన బ్రేకు ఎక్కడుందో కూడా చూసుకోదు."

ఎప్పుడూ అయితే ఆవిడ దీటుగా ఒకటి అనేది. ఆ రోజు ఖాళీ పిట్టగోడ వైపు చూసింది. ఎందుకంటే ఆ రోజు పెద్దకాకులు మూడుసార్లే వచ్చాయి. మర్నాడు రెండుసార్లు. పన్నెండో రోజున సాయంత్రం దాకా ఒక్కటీ రాలేదు. పిల్ల మటుకు వాటికోసం చూడ్డం కూడా లేదు, మెట్ల మీద మేడం అడుగుల చప్పుడు వింటే అరుస్తోంది. చీకటి పడేముందు ఒక్క కాకి వచ్చి, పిట్టగోడ మీద దూరంగా కూర్చుని, రెండుసార్లు పిలిచి వెళ్ళిపోయింది.

మేడం కిందకి దిగి ముందుగది గుమ్మంలో చతికిలబడింది. "వాళ్ళమ్మ వచ్చిందా?" అంది పెద్దమ్మ. "నా చేతులతో నేనే దాన్ని తల్లి లేనిదాన్ని చేస్తున్నాను పెద్దమ్మా" అని ఏడ్చింది. ఏడుస్తూ మొత్తం చెప్పింది, కుర్చీ సంగతి, చెయ్యి సంగతి.

పెద్దమ్మ అంతా విని, "రేపు పొద్దున్న నన్ను పైకి తీసుకెళ్ళండి" అంది.

"పదిహేడు మెట్లు, ఎలా ఎక్కుతావు?"

"అల్లుడు ఊళ్ళోవాళ్ళందరినీ ఎక్కిస్తాడుగా. నన్నొక్కదాన్ని ఎక్కించలేడా?"

మర్నాడు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ముందు మొగుడు, వెనక మేడం పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కించారు. మూడేళ్ళ తర్వాత ఆకాశం చూసి పెద్దమ్మ కళ్ళు చిట్లించుకుంది. "ఎంత ఎండ!" అంది సంతోషంగా. తర్వాత పని చెప్పింది. "అల్లుడుగారూ, మీరు కిందకెళ్ళి సందులో నిలబడండి, పిల్లీ కుక్కా రాకుండా. నువ్వు దాన్ని పిట్టగోడ మీద పెట్టి వచ్చి నా పక్కన కూర్చో. మేత గోడ మీద వద్దు, ఏమీ వద్దు."

మేడం అలాగే చేసి వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"ఇప్పుడు నీ చేతులు రెండూ ఇలా ఇయ్యి."

ఇచ్చింది. ఎనభై ఏళ్ళ వేళ్ళు వాటి చుట్టూ బిగుసుకున్నాయి. మోకాళ్ళు పోయాయి గానీ, నలభై ఏళ్ళు మందపు బట్టలో సూది దించి లాగిన వేళ్ళవి. మేడం ఉలిక్కిపడింది, ఆ పట్టుకి.

పిల్ల గోడ మీద అటు రెండు గంతులు, ఇటు రెండు గంతులు వేసింది. మేడం వైపు తిరిగి నోరు తెరిచి అరిచింది. రాలేదేమని ఇంకా గట్టిగా అరిచింది. ఆ అరుపుకి చెట్టు మీదనుంచి ఒక జవాబొచ్చింది, తర్వాత ఇంకొకటి. పిల్ల తల తిప్పింది. అంచుకి వెళ్ళింది. రెక్కలు సగం విప్పి తూలింది. మేడం చేతులు వాటంతట అవే లేచాయి, పెద్దమ్మ వాటిని ఒడిలోకి లాక్కుంది. కుడికాలు మాత్రం డాబా నేలని తొక్కుతూనే ఉంది.

పిల్ల గోడ అవతలికి పడిపోయింది.

రెక్కల చప్పుడు లేదు. ఏమీ లేదు. మేడం గొంతులోంచి వచ్చిన శబ్దం ఎలాంటిదో ఆవిడకే తెలీదు. అప్పుడు కింద సందులోంచి మొగుడి కేక వినిపించింది. "లేచింది! మేడం, లేచింది! నా హెల్మెట్ మీదనుంచే పోయింది!" గోడ అవతల, గోడౌను రేకుల ఎత్తుకి, నల్లటి ముద్ద ఒకటి రెక్కలు తపతపా కొట్టుకుంటూ పైకొచ్చింది. రేకుల మీద వాలింది. వాలడమంటే వాలడం కాదు, బోర్లాపడి జారి, గోళ్ళతో కరకరా గీరుకుంటూ ఆగింది. రెండు పెద్దకాకులూ దాని మీదకి దిగాయి. ఏమని తిట్టాయో ఊరంతా విన్నది. తిట్టడం అయ్యాక ఒకటి దాని ఎర్రనోట్లో ముక్కు పెట్టింది.

మేడంకి కన్నీళ్ళు ఆగలేదు. దారం కత్తిరించిన డాక్టరమ్మకి, ఫోన్లో చెప్పిన వాళ్ళన్నయ్యకి, హెల్మెట్ పెట్టుకున్న మొగుడికి, పన్నెండు రోజులు ఆశ వదలని ఆ రెండు కాకులకి, అందరికీ ఒక్కసారిగా దండం పెట్టాలనిపించింది. పెడదామంటే చేతులు ఖాళీ లేవు.

"ఇక వదులు పెద్దమ్మా."

"ఇప్పుడే కాదు. ఇప్పుడు వదిలితే లేచి గోడ దగ్గరికెళ్తావు. అది నిన్ను చూస్తుంది. చూస్తే తిరిగొస్తుంది."

నిజమే. లేవడానికి కాళ్ళు అప్పటికే మడుచుకుంది. మళ్ళీ కూర్చుంది. ఆ కూర్చోవడంలో, నలభై ఏళ్ళుగా పైకి అననిది నోట్లోంచి వచ్చేసింది.

"అమ్మ నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు నువ్వు బయటికి రాలేదు పెద్దమ్మా. కార్లో వెనక్కి తిరిగి వీధి మలుపు దాకా చూశాను. తలుపు మూసే ఉంది. పీడా పోయిందనుకున్నావని అనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను."

పెద్దమ్మ రేకుల మీదనుంచి చూపు తిప్పలేదు.

"మీ పెదనాన్న రానివ్వలేదు" అంది.

"కోప్పడ్డాడా?"

"ఛ. లోపల తలుపేసి నా చేతులు రెండూ ఇలాగే పట్టుకుని కూర్చున్నాడు, కారు చప్పుడు పోయేదాకా. నేనే పట్టుకోమన్నాను."

కింద మొగుడు ఎవరికో జరిగిందంతా చెబుతున్నాడు, హెల్మెట్ సంగతి రెండోసారి. మేడం పెద్దమ్మ ఒడిలో తల పెట్టుకుంది. ఇంట్లోవాళ్ళకి థాంక్సులు చెప్పడం వాళ్ళ వంశంలోనే లేదు. చెప్పడం రాక తిన్నగానే చెప్పేసింది.

"అమ్మ ఆ తర్వాత ఇరవై తొమ్మిదేళ్ళు నాతో ఉంది పెద్దమ్మా. అవన్నీ నువ్విచ్చినవే. నన్ను పెంచినందుకు ఎప్పుడో దండం పెట్టుకున్నాను. తిరిగి ఇచ్చినందుకు ఇవాళ పెడుతున్నాను."

"సర్లేవే" అంది పెద్దమ్మ. గోడౌను రేకుల మీదనుంచి మూడు కాకులూ లేచి చెట్టులోకి వెళ్ళాయి, రెండు తిన్నగా, ఒకటి వంకరటింకరగా. ఆకులు కదలడం ఆగేదాకా చూసి, పెద్దమ్మ తన వేళ్ళు వదులు చేసింది. మేడం తన చేతులు వెనక్కి తీసుకోలేదు.